ఖాళీ గ్యాలరీలు నింపడానికి ఫుట్‌బాల్ టికెట్లు సగం ధరకు ఇవ్వడం సబబేనా?

అలిపిరి రోడ్డు, తిరుపతి:
గ్యాలరీలు నిండకపోతే కొన్ని ఫుట్‌బాల్ క్లబ్బులు మ్యాచ్‌కు ఒకటి రెండు రోజుల ముందు టికెట్లను సగానికీ పావుకీ అమ్మేస్తున్నాయి. ఇది తప్పని నా గట్టి అభిప్రాయం. రెండేళ్ల క్రితం మేము నలుగురం ఒక లీగ్ మ్యాచ్‌కు మూడు వారాల ముందే పూర్తి ధర పెట్టి టికెట్లు కొన్నాం. తెల్లవారుజామునే బయలుదేరి వెళ్లాం. తీరా కూర్చున్నాక, ముందు వరుసలోని కుర్రాళ్లు ఆ మధ్యాహ్నమే పావు ధరకు కొన్నామని చెప్పారు. విరామం కాగానే లేచి వెళ్లిపోయారు కూడా. టికెట్టు మీద ముద్రించిన ధరను నా మిత్రుడు బొటనవేలితో రుద్దుతూ ఆట అయ్యేవరకూ మాట్లాడలేదు. ఆ తర్వాత అతను ఏ మ్యాచ్‌కూ ముందుగా టికెట్టు కొనలేదు. ఇలాంటివాళ్లు ఎంతమంది దూరమయ్యారో ఆ క్లబ్బు ఎప్పుడైనా లెక్క చూసుకుందా?

గ్రీమ్స్‌పేట, చిత్తూరు:
అన్నా, మీ బాధ అర్థమైంది కానీ మీ మాట ఒప్పుకోను. సాయంత్రం మీ ఊళ్లో గోవిందరాజస్వామి గుడి దగ్గర మల్లెపూలు అమ్మేవాళ్లను చూడండి. పొద్దు పోయేకొద్దీ మూర ధర సగానికి దిగుతుంది. రేపటికి వాడిపోయే పూలను బుట్టలో ఉంచుకుని ఏం చేస్తారు? సీటు పరిస్థితి అంతకంటే కష్టం. ఆట మొదలైతే ఇక దానికి రూపాయి రాదు. లైట్ల ఖర్చు, స్టేడియం అద్దె మాత్రం ఐదు వేల మంది వచ్చినా ఇరవై వేల మంది వచ్చినా దాదాపు ఒక్కటే. జర్మనీలో అప్పట్లో రెండో అంచె లీగ్‌లో ఆడుతున్న ఫోర్చునా డ్యూసెల్‌డార్ఫ్ క్లబ్బు కొన్ని మ్యాచ్‌లకు ఏకంగా అందరినీ ఉచితంగానే పిలిచింది. 2023 అక్టోబరు 21న కైజర్స్‌లాటర్న్‌తో ఆడిన మ్యాచ్ అలాంటి ఉచిత మ్యాచ్‌లలో మొదటిది, ఖర్చు స్పాన్సర్లు భరించారు. 0-3తో వెనకబడిన డ్యూసెల్‌డార్ఫ్ 4-3తో గెలిచింది. నిండిన స్టేడియం హోరు ఆటగాళ్లకు ఎంత బలమో అక్కడివాళ్లు ఆ రోజు కళ్లారా చూశారు.

శ్రీకాళహస్తి:
మీరిద్దరూ ధర దగ్గరే ఆగిపోయారు. నేను అప్పుడప్పుడు చెన్నై నెహ్రూ స్టేడియానికి వెళ్తాను. ఏడున్నరకు మొదలైన ఆట తొమ్మిదిన్నరకు ముగుస్తుంది. అక్కడి నుంచి మాధవరం బస్టాండుకు చేరి, బస్సు పట్టుకుని ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి ఎప్పుడో దాటిపోతుంది. టికెట్టు ఉచితంగా ఇచ్చినా నా ఖర్చులో తగ్గేది కొంచెమే. ఆట రెండు గంటలు ముందు పెడితే పిల్లలనూ తీసుకెళ్తాను. ఇక హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి చూడండి. 2021-22లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. కోవిడ్ కారణంగా ఆ సీజన్ అంతా గోవాలోనే జరిగింది కాబట్టి సొంత ఊరివాళ్లు గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. నాకు ఇప్పటికీ మనసు ఒప్పడం లేదు.

అలిపిరి రోడ్డు, తిరుపతి:
ఆట వేళ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. చిత్తూరు తమ్ముడూ, పూల మాట నువ్వే తెచ్చావు కాబట్టి చెప్తాను. మా అమ్మ ఏళ్ల తరబడి ఒకే ఆవిడ దగ్గర పూలు కొంటోంది. ఆవిడ మోచేతి దాకా కొలిచి, దారం తెంపే ముందు వేళ్లతో ఇంకో జానెడు జరుపుతుంది. ఆ కొసరు రోజూ వచ్చేవాళ్లకే. క్లబ్బు రాయితీ కూడా అలా ఉండాలంటాను. 2007లో ఇంగ్లండులో నాలుగో అంచెకు పడిపోయిన బ్రాడ్‌ఫర్డ్ సిటీ, సీజన్ టికెట్టును 138 పౌండ్లకే పెట్టింది. ఆటలు మొదలయ్యే ముందే, ఏడాదంతా వస్తామన్నవాళ్లకు. ఆ అంచెలో అందరికంటే ఎక్కువ జనం వాళ్ల మైదానానికే వచ్చారు. డ్యూసెల్‌డార్ఫ్ సంగతి వేరు. ఆ రోజు పక్క సీటువాడు నా కంటే తక్కువ పెట్టి వచ్చాడని ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

గ్రీమ్స్‌పేట, చిత్తూరు:
కొసరు మాట బాగుంది. కానీ సీజన్ మొత్తానికి ఒకేసారి కట్టే డబ్బు హాస్టల్ పిల్లల చేతిలో ఉంటుందా? కూలికి వెళ్లే మనిషికి ఆ రోజు డబ్బు ఆ రోజే వస్తుంది. చివరి రోజు రాయితీ తీసేస్తే గేటు బయట మిగిలేది వాళ్లే.

అలిపిరి రోడ్డు, తిరుపతి:
వాళ్లకు ఒక గ్యాలరీ కేటాయించి, ఏడాది పొడవునా ఒకే తక్కువ ధర పెట్టాలి. జర్మనీలోని డోర్ట్‌ముండ్ క్లబ్బు స్టేడియం దక్షిణ గ్యాలరీలో దాదాపు 25,000 మంది నిలబడి ఆట చూస్తారు. అక్కడ టికెట్టు ఆ స్టేడియం సీట్ల కంటే చవక. ఆ ధర సీజన్‌కు ముందే అందరికీ తెలుసు, మ్యాచ్ రోజు మధ్యాహ్నం మారదు.