వెబ్‌సైట్‌కి ఫొటోలు పెడుతుంటే మనుషులు సాగిపోతున్నారు, లేదంటే తలలు తెగిపోతున్నాయి

నీలిమేఘం:
మా నాటక బృందం వెబ్‌సైట్‌కి ఫొటోలు ఎక్కించే పని నా మీద పడింది. సైట్ చేసినతను ఒక్క ముక్క చెప్పి వదిలేశాడు: ప్రతి ఫొటో 1200×800 పిక్సెళ్లు ఉండాలి, 500 కేబీ దాటకూడదు. ఫోన్లో తీసినవేమో 4000×3000, ఒక్కోటి ఐదారు ఎంబీ. నేరుగా 1200, 800 అని కొట్టి రీసైజ్ చేస్తే అందరూ పొట్టిగా, వెడల్పుగా తయారయ్యారు. పోనీ క్రాప్ చేద్దామంటే నిలువు ఫొటోల్లో తలలైనా పోతున్నాయి, కాళ్లైనా పోతున్నాయి. ఎవరో చెప్పారని డీపీఐని 300 నుంచి 72కి మార్చి చూశాను, ఫైలు సైజులో ఏ తేడా లేదు. ఫొటోలు దిద్దే జింప్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను, ఫొటోలు చాలానే ఉన్నాయి. అసలు ఏది ముందు చేయాలి, ఏది తర్వాత? కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

చీకటిగది:
డీపీఐ సంగతి మర్చిపోండి, అది అచ్చు వేసేటప్పుడు అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే అంకె. 3000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోని 300తో అచ్చేస్తే 10 అంగుళాలు వస్తుంది, 72తో వేస్తే 41 అంగుళాలు దాటుతుంది, పిక్సెళ్లు మాత్రం అవే 3000. వెబ్ పేజీలో దానితో పనేమీ లేదు.

ఇక మనుషులు సాగడం. మీ ఫొటో ఆకారం 4:3, సైట్ అడిగేది 3:2. ఆకారం మారాలంటే ఎక్కడో ఒకచోట కోయాల్సిందే, కోయకుండా రీసైజ్‌తోనే సరిపెట్టాలని చూస్తే ఇదిగో ఇలాగే అవుతుంది. అందుకే ముందు క్రాప్, తర్వాత రీసైజ్. జింప్‌లో క్రాప్ టూల్ తీసుకుని, దాని ఆప్షన్లలో ఫిక్స్‌డ్ దగ్గర టిక్ పెట్టి, యాస్పెక్ట్ రేషియో 3:2 ఇవ్వండి. ఇక గీతల పెట్టెని మీరెటు లాగినా ఆకారం తప్పదు. తర్వాత ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్‌కి వెళ్లి వెడల్పు 1200 కొడితే ఎత్తు 800 దానంతటదే వస్తుంది, పక్కనున్న గొలుసు గుర్తు తెగి లేకుండా చూసుకోండి చాలు. అడ్డం ఫొటోలకి దీనివల్ల పెద్ద నష్టం లేదు, 4000×3000లో 4000×2667 మిగులుతుంది, పోయేది తొమ్మిదో వంతే.

బరువు గురించి: మీది 12 మెగాపిక్సెళ్ల ఫొటో, 1200×800 అంటే ఒక మెగాపిక్సెల్ కూడా లేదు. కాబట్టి రీసైజ్‌తోనే బరువు చాలావరకు దిగిపోతుంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు జేపెగ్ క్వాలిటీ 80 దగ్గర పెట్టండి, నల్ల తెర ముందు ఒక్క నటుడే ఉన్న ఫొటో అయితే 500 కేబీ దరిదాపులకి కూడా రాదు. చెట్లు, గడ్డి, జనం నిండిన ఫొటోలు కొంచెం మొండికేస్తాయి, వాటికి 75 చేసినా కంటికి తేడా దొరకదు.

పిక్సెల్‌పిచ్చి:
పైన చెప్పినదంతా సరే గానీ, డీపీఐ మారిస్తే సైజు తగ్గిందని చెప్పేవాళ్లు కూడా అబద్ధం చెప్పట్లేదు. ఫొటోషాప్‌లో ఇమేజ్ సైజ్ పెట్టెలో రీశాంపుల్ అనే టిక్ ఉంటుంది, అది పెట్టి ఉండగా 300ని 72 చేస్తే పిక్సెళ్లు కూడా తగ్గిపోతాయి, బరువు తగ్గేది అందుకే. టిక్ తీసేస్తే మారేది ఆ అంకె ఒక్కటే.

ఇంకోటి, జేపెగ్‌ని తెరిచి కొంచెం మార్చి సేవ్, మళ్లీ తెరిచి సేవ్, ఇలా చేయకండి. జేపెగ్ ఫొటోని 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, కంటికి పెద్దగా ఆనని వివరాన్ని తీసి పారేస్తుంది, మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది. ఒరిజినల్ తెరిచి, క్రాప్, రీసైజ్ ఒకే ఊపులో చేసి, ఒక్కసారే వేరే పేరుతో ఎక్స్‌పోర్ట్ చేయండి. చిన్నది చేశాక ఫొటో కొంచెం మెత్తబడినట్టు కనిపిస్తుంది, ఎక్స్‌పోర్ట్‌కి ముందు లైట్‌గా షార్పెన్ చేస్తే కళ్లు, బట్టల అంచులు తేటపడతాయి. రీసైజ్‌కి ముందు చేసిన షార్పెన్ మాత్రం చాలావరకు దండగే.

నాలుగోతెర:
నిలువు ఫొటోల గురించి ఎవరూ చెప్పలేదే. 3000×4000 ఫొటోలోంచి అడ్డంగా 3:2 కోస్తే 3000×2000 వస్తుంది, సగానికి సగం పోయినట్టే, తలో కాళ్లో పోకుండా ఎలా ఉంటుంది? ఒకే మనిషి ఉంటే నడుము పైభాగం ఉంచి, తల పైన కొంచెం చోటు వదిలి ధైర్యంగా కోసేయండి. మోకాలి దగ్గరో, మణికట్టు దగ్గరో కోయకండి, కీలు మీద తెగితే చూడ్డానికి ఇబ్బందిగా ఉంటుంది. నిలువెత్తు వేషం కనపడాల్సిందే అంటే ఫొటోని 600×800కి తగ్గించి, 1200×800 నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మధ్యలో పెట్టండి. రెండు పక్కలా అదే ఫొటోని మసకగా పరిచే పద్ధతి ఒకటుంది, నాకైతే అది చూస్తే చిరాకు. అన్నిటికన్నా మంచి పని, సైట్ అతన్నే నిలువు ఫొటోలకి వేరే కొలత పెట్టమనడం.

నీలిమేఘం:
అందరికీ థాంక్స్, అడ్డం ఫొటోలు చక్కగా వచ్చాయి. ఇప్పుడు రెండు కొత్త తలనొప్పులు. నేను క్రాప్ చేయకుండా వేరే టూల్‌తో రీసైజ్ మాత్రమే చేసిన కొన్ని ఫొటోలు కంప్యూటర్‌లో నిటారుగానే ఉన్నాయి, సైట్‌లో పక్కకి పడుకున్నాయి. ఒక ఫోన్‌తో తీసిన వాటిలోనేమో స్టేజీ మీది ఎర్ర లైటు సైట్‌లో పాలిపోయి కనిపిస్తోంది.

పిక్సెల్‌పిచ్చి:
పడుకోవడానికి కారణం ఎక్సిఫ్, అంటే ఫొటో ఫైల్లోనే ఫోన్ రాసిపెట్టే వివరాలు. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినా చాలా ఫోన్లు పిక్సెళ్లని సెన్సర్ ఉన్న తీరులోనే రాసి, దీన్ని ఇటు తిప్పి చూపించండి అని ఒక గుర్తు పెడతాయి. మీ కంప్యూటర్ ఆ గుర్తు చదువుతోంది, సైట్ వాడే సాఫ్ట్‌వేర్ దాన్ని పడేస్తోంది. జింప్‌లో తెరిచినప్పుడు తిప్పమంటారా అని అడుగుతుంది, సరే అనేసి ఎక్స్‌పోర్ట్ చేయండి, పిక్సెళ్లే తిరిగిపోతాయి కాబట్టి ఇక ఎక్కడా తేడా రాదు.

రంగుకి కారణం కలర్ ప్రొఫైల్ అయ్యుంటుంది. కొన్ని కొత్త ఫోన్లు డిస్‌ప్లే పీ3 అనే పెద్ద రంగుల పరిధిలో రాసి, ఆ సంగతి చెప్పే ప్రొఫైల్‌ని ఫైల్లో పెడతాయి, సైట్ ఆ ప్రొఫైల్‌ని తీసేస్తే బ్రౌజర్ దాన్ని వెబ్‌లో మామూలుగా వాడే చిన్న పరిధి ఎస్ఆర్‌జీబీ అనుకుంటుంది, రంగు చప్పబడుతుంది. ఎక్స్‌పోర్ట్‌కి ముందే ఎస్ఆర్‌జీబీకి కన్వర్ట్ చేయండి. అసైన్ అని ఇంకో ఆప్షన్ ఉంటుంది, అది కాదు, అది నొక్కితే ఉన్న రోగమే ఇంకోలా వస్తుంది.

చీకటిగది:
ఎక్స్‌పోర్ట్ పెట్టెలో ఎక్సిఫ్ డేటా దగ్గర టిక్ తీసేయండి. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఫొటో ఎక్కడ తీశారో అందులో ఉంటుంది, ఎవరి ఇంట్లోనో రిహార్సల్ జరిగితే ఆ ఇల్లు ఎక్కడుందో అందరికీ చెప్పినట్టే.

అన్నీ ఒకేసారి చేయాలంటే ఇర్ఫాన్‌వ్యూలో బ్యాచ్ ఉంది, విండోస్‌లో నడుస్తుంది. కమాండ్లు రాయడం ఇష్టమైతే ఇమేజ్‌మ్యాజిక్, కానీ అందులో మోగ్రిఫై అనే కమాండ్ మామూలుగా ఒరిజినల్స్ మీదే రాసేస్తుంది, కాపీ ఫోల్డర్ మీద తప్ప వాడకండి. క్రాప్‌ని మాత్రం బ్యాచ్‌కి వదలకండి, అది గుడ్డిగా మధ్యలో కోస్తుంది, నాటకాల ఫొటోల్లో ముఖాలెప్పుడూ పైభాగంలోనే ఉంటాయి.

నీలిమేఘం:
సైట్ అతన్ని అడిగాను, నిలువు ఫొటోలకి 800×1200 పెడతానన్నాడు, అంటే వాటిలోనూ పక్కల నుంచి తొమ్మిదో వంతే పోతుంది. వెబ్‌పీ అనే ఇంకో రకం ఫొటో ఫైల్ని కూడా సైట్ తీసుకుంటుందట. అది జేపెగ్ కన్నా తేలికంటారు, మరి మార్చుకోవాలా?

నాలుగోతెర:
తేలికే, కానీ మీ ఫొటోలు ఇప్పటికే 500 కేబీ లోపు ఉన్నాయి కదా, ఈ విడతకి జేపెగ్‌తో కానిచ్చేయండి.