‘లోపలనుండు లీనమై’ – సంలీనంలో లీనమయ్యేది ఏది?

మౌలాలి మాస్టారు: పోతన గారి పాదం ఒకటి సగంలో ఆగిపోయి వేధిస్తోంది. ‘జగమెవ్వని లోపలనుండు లీనమై’యా, ‘లీనమౌ’నా? ఇంటర్ పుస్తకంలో ఫ్యూజన్‌ని, అంటే తేలికైన అణుకేంద్రకాలు కలిసి ఒకటవడాన్ని, ‘సంలీనం’ అన్నారు. లీనమంటే కరిగి లేకుండా పోవడం కదా, మరి హీలియం మిగులుతోందేం?

నల్లకుంట పంతులు: ‘మై’యే. మౌ కూడా గురువే కనుక ఉత్పలమాల అభ్యంతరపెట్టదు, అన్వయమే ఒప్పుకోదు. ఇక లీనం కరగడం కాదండీ, దాని ధాతువు ‘లీఙ్ శ్లేషణే’, అంటిపెట్టుకోవడం. పోవడానికి పోతన ఆ పద్యంలోనే ‘డిందు’ అని వేరే మాట వాడాడు.

మౌలాలి మాస్టారు: భేష్! హైడ్రోజన్‌లోనే బరువైన రకాలు డ్యుటీరియం, ట్రిటియం కలిస్తే హీలియం-4, ఒక న్యూట్రాన్. లోపలికెళ్లిన ఐదు కణాలూ (ప్రోటాన్లు, న్యూట్రాన్లు) లెక్కకు ఉన్నాయి. తగ్గిన కాస్త ద్రవ్యరాశే 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి.

అనామకం: విలీనం కూడా ఆ ధాతువేనా? 1948 సెప్టెంబరు 17...

అడ్మిన్: ఆ తేదీ ఈ గుంపులో వద్దు.

ఈసీఐఎల్ రిటైర్డ్: న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో రియాక్టర్ ఇంధన బండిళ్లు చేసినంత కాలం కేంద్రకం చీలడాన్ని మేం ‘ఫిషన్’ అనే అన్నాం, ‘విచ్ఛిత్తి’ అన్నవాడు లేడు. నాకా మాట అలంకారశాస్త్రంలోనే తెలుసు: నాయిక కొద్దిపాటి అలంకారంతోనే శోభించడం విచ్ఛిత్తి. యురేనియం-235 పోగొట్టుకునేది వెయ్యోవంతు కూడా కాదు, ఇచ్చేది దాదాపు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు! పేరు పెట్టినవాడు రసికుడు.

నల్లకుంట పంతులు: రసికత బాగుంది కానీ విచ్ఛిత్తికి ధాతువు ‘ఛిద్’, నరకడం. ఇక్కడ నరికేవాడేడీ? నిదానంగా వచ్చిన న్యూట్రాన్‌ని మింగి, కేంద్రకం తనే సాగి, నడుం సన్నబడి, రెండవుతుంది. 1939లో ఫ్రిష్, మైట్నర్ ‘ఫిషన్’ని జీవశాస్త్రంలోని కణవిభజన నుంచే తెచ్చుకున్నారు. నా ఓటు ‘చీలిక’కి.

ఈసీఐఎల్ రిటైర్డ్: చీలిక రాజకీయ పార్టీలకి!

వనస్థలిపురం: చీలినా శక్తే, కలిసినా శక్తేనా? ఎవరైనా చెప్పండి.

మౌలాలి మాస్టారు: బరువైనవి చీలి, తేలికైనవి కలిసి, రెండూ ఇనుము వైపే నడుస్తాయి. బంధం అక్కడ గట్టిది, ఒక్కో కణానికి 8.8 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దాకా. బంధం బిగిసినప్పుడల్లా శక్తి బయటికొస్తుంది. అది సరే పంతులు గారూ, ‘డిందు’ అంటే అణగడం కూడా కదా? అణగినది పోయినట్టెలా?

నల్లకుంట పంతులు: దానికి వేరే పోస్టు పెట్టండి, నిఘంటువు తీసి కూర్చుంటాను.