ఉద్యోగం మానేసి పూర్తిగా ఫ్రీలాన్స్ రైటింగ్‌లోకి దిగొచ్చా? చేస్తున్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి

మెట్టుగూడ_రైటర్

అందరికీ నమస్తే. నాకు 29 ఏళ్ళు, ఒక న్యూస్ వెబ్‌సైట్‌లో ఆరేళ్ళుగా సబ్ ఎడిటర్‌గా చేస్తున్నా, చేతికి 27,500 వస్తుంది. వారానికి మూడు నైట్ షిఫ్టులు, పండగ రోజు కూడా డ్యూటీనే. మా పాప ఒకటో క్లాసు, అది లేచేసరికి నేను పడుకుంటా, నేను లేచేసరికి అది స్కూల్‌కి వెళ్ళిపోయి ఉంటుంది.

ఏడాదిగా బయట రాస్తున్నా. ఒక ట్రాన్స్‌లేషన్ ఏజెన్సీకి యాప్‌ల తెలుగు, ఒక యూట్యూబ్ ఛానల్‌కి వారానికి రెండు స్క్రిప్టులు, అప్పుడప్పుడు ఆస్పత్రుల పాంప్లెట్లు. ఒక నెల 22 వేల దాకా వచ్చింది, పోయిన నెల 6,400 వచ్చింది. రాయడం అంటే నాకు ప్రాణం, మంచి తెలుగు వాక్యం కుదిరిన రోజు అలసట కూడా తెలీదు, అందుకే ఇదే బతుకుతెరువు చేసుకుందామని.

మా ఆయన నీ ఇష్టం అంటున్నారు. అత్తయ్య మాత్రం నెల తిరిగేసరికి పడే జీతం వదులుకుంటావా, రాసినదానికి ఎవరిస్తారమ్మా డబ్బులు అంటున్నారు, ఆవిడ మాటలో తప్పు కనిపించట్లేదు నాకు, ఎందుకంటే ఒక కంపెనీ నుంచి 38,000 రావాలి, జులైలో ఇచ్చేసిన పని, ఇప్పుడు నవంబర్. ఫోన్ చేస్తే అకౌంట్స్‌కి పంపాం మేడమ్ అంటారు, పోయిన వారం నుంచి ఆ ఫోన్ కూడా ఎత్తట్లేదు. అగ్రిమెంట్ లేదు. వాళ్ళ మేనేజర్ వాట్సాప్‌లో "రేట్ ఓకే అండి, స్టార్ట్ చేసేయండి" అని పెట్టిన మెసేజ్ ఒక్కటే ఉంది.

మానేయొచ్చా లేదా, ఆ 38 వేలు వచ్చే దారి ఏమైనా ఉందా, మీ అనుభవం చెప్పండి ప్లీజ్.

నల్లకుంట_అనువాదం

చెల్లీ, నేను 2014 నుంచి దీనిమీదే బతుకుతున్నా, ఇద్దరు పిల్లల ఫీజులు ఇందులోంచే కట్టా, కాబట్టి కుదరదని చెప్పను. కానీ పని దొరకడం కష్టం అనుకుని అందరూ దానికే భయపడతారు, తెలుగు శుద్ధంగా రాసేవాళ్ళకి పని దొరుకుతుంది. అసలు కష్టమంతా చేసిన పనికి డబ్బు చేతిలో పడటంలో ఉంది, ఆ సంగతి నీకు జులైలోనే ఎదురైంది.

ముందు పదాల లెక్క చూసుకో. ఇంగ్లిష్ నుంచి తెలుగు చేసేటప్పుడు రేటు ఎప్పుడూ ఇంగ్లిష్ పదాల మీదే మాట్లాడుకో. వాళ్ళకి "ఇన్ ది హౌస్" మూడు మాటలు, మనకి "ఇంట్లో" ఒక్కటే మాట, విభక్తులన్నీ మాటకే అతుక్కుపోతాయి కదా. వెయ్యి ఇంగ్లిష్ పదాలు తెలుగులోకి వచ్చేసరికి ఏడొందలు, ఏడొందల యాభై అవుతాయి. నాకు మొదట్లో ఇది తెలీక తెలుగు పదానికి 90 పైసలు అంటే సరే అన్నా, మూడు నెలలయ్యాక ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక పాత ఫైళ్ళు తెరిచి కూడితే, నేను చేసింది 41,000 ఇంగ్లిష్ పదాలు, బిల్లు వేసింది 29,600 తెలుగు పదాలకి. అంటే పది వేల పైచిలుకు నా చేత్తో నేనే వదిలేశా. ఆ రాత్రి ఏడుపొచ్చింది నిజంగా.

రెండోది ఇప్పుడు అందరికీ వస్తున్న సమస్య. మెషీన్ చేసిన తెలుగు పంపించి చిన్న చిన్న కరెక్షన్లే మేడమ్, సగం రేటు ఇస్తాం అంటారు. మొన్నామధ్య ఒక యాప్ ఫైలు వచ్చింది, అందులో "సేవ్" బటన్‌కి "రక్షించు" అని, బ్యాంక్ బ్యాలెన్స్‌కి "సమతుల్యం" అని, "హోమ్"కి "ఇల్లు" అని ఉంది. పల్లెటూళ్ళో ఒక పెద్దాయన ఫోన్ పట్టుకుని "సమతుల్యం" నొక్కాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చోవాలా? అలాంటి ఫైలు సరిచేయడానికి కొత్తగా రాసినంత టైమ్ పడుతుంది, ఒక్కోసారి ఎక్కువే పడుతుంది, ఎందుకంటే ముందు తప్పు కనిపెట్టాలి, తర్వాత అది 40 చోట్ల ఎక్కడెక్కడ ఉందో వెతకాలి. అందుకని నేను ముందు ఒక 300 పదాల ముక్క పంపమంటా, చూశాక గంటల లెక్కన రేటు చెప్తా, ఒప్పుకోకపోతే వదిలేస్తా.

ఇంకోటి, పత్రికలకి, పాంప్లెట్లకి రాసేటప్పుడు ప్రింటింగ్ వాళ్ళు అను ఫాంట్లలో, అంటే పాత డీటీపీ తెలుగు ఫాంట్లలో అడుగుతారు, మనం ఫోన్లలో, వెబ్‌లో కనిపించే యూనికోడ్‌లో రాస్తాం, మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి. ఆ ప్రూఫ్ చూడటం కూడా పనే, ఆస్పత్రి పాంప్లెట్‌లో మందు డోసు దగ్గర అక్షరం చెదిరితే ఏమవుతుందో ఆలోచించు. దానికి డబ్బు విడిగా రాయి, మొహమాటపడకు.

మానేయాలా అన్నదానికి, నీ 22 వేల నెల చూసుకోకు, 6,400 నెల చూసుకో. ఆ నెల ఇల్లు ఎలా గడుస్తుందో మీ ఆయనా నువ్వూ కూర్చుని కాగితం మీద వేసుకున్నాకే మాట్లాడు. కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతో పాటే పోతుంది, కాబట్టి ఉద్యోగంలో ఉండగానే సొంతంగా ఒకటి తీసుకో. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు. నేను తీసుకోలేదు, మానేసిన మూడో నెలలో అపెండిక్స్ ఆపరేషన్ అయింది, దాచుకున్నదంతా దానికే ఊడ్చుకుపోయింది.

కృష్ణానగర్_డైలాగ్

చెల్లె, అక్క చెప్పింది అక్షరం అక్షరం నిజం. నేను 12 ఏండ్ల సంది కృష్ణానగర్ల ఉంటున్న, సీరియల్ డైలాగులు రాస్త, సినిమాలకు వెర్షన్లు, అంటే మొత్తం మాటల డ్రాఫ్టులు రాస్త. మా దిక్కు అయితే అగ్రిమెంట్ అన్న మాట ఎత్తుతనే మొకం మారిపోతది, "మనం మనం ఒకటి కదా" అంటరు.

ఒక ముచ్చట చెప్త. 2017ల ఒక సినిమాకు మొత్తం డైలాగ్ వెర్షన్ రాసిన. యూసుఫ్‌గూడల ఒక ఫ్లాట్‌ల రెండు నెలలు సిట్టింగ్స్, పొద్దుగాల పోతే రాత్రి రెండు గంటలకు వచ్చుడు. నేను చేత్తోనే రాస్త, తెల్ల కాయితం మీద ఒక్క దిక్కే. 118 పేజీలైంది. ఆఖరి రోజు ఆ కట్ట పట్టుకొని పోతుంటే తొవ్వల జిరాక్స్ షాపు కనవడ్డది, ఒక్కో పేజీకి రూపాయి, జేబుల రెండు వందలే ఉన్నయి, ఎందుకులే మనోళ్ళే కదా అని ఒరిజినల్ అట్లనే ఇచ్చేసి వచ్చిన. సినిమా వచ్చింది, నా మాటలు వచ్చినయి, టైటిల్స్‌ల పేరు లేదు, 20,000 అడ్వాన్స్ మీద ఒక్క రూపాయి రాలే. అడుగుదామని పోతే నువ్వు రాసినట్టు ఏముంది అన్నరు. నా దగ్గర ఏముంది? ఏం లేదు. 118 రూపాయలకు చూసుకున్న ఆ రోజు.

ఆ దెబ్బ తాకినంక కాపీరైట్ చట్టం గురించి ఒక లాయర్ అన్న దగ్గర కూర్చొని తెలుసుకున్న, నీకు కూడా పనికొస్తది. 1957 చట్టం ప్రకారం ఉద్యోగంల ఉండి రాస్తే హక్కు కంపెనీది, కానీ బయటి నుంచి రాసిచ్చేటోని హక్కు రాసినోనిదే, రాతపూర్వకంగ సంతకం పెట్టి ఇస్తే తప్ప పోదు, నోటి మాటతోని పోదు. ఇచ్చినా ఎన్నేండ్లో రాయకపోతే ఐదేండ్లే, ఏ దేశంలనో రాయకపోతే మన దేశం వరకే. ఏడాదిల వాళ్ళు ఆ హక్కు వాడుకోకపోతే మళ్ళ మనకే వస్తది, కాయితంల వేరే తీరు రాసుకుంటే తప్ప. కాబట్టి వాళ్ళిచ్చే అగ్రిమెంట్ల "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ఉంటే ఊకె సంతకం పెట్టకు, దానికి తగ్గ పైసలు అడుగు. నీ యూట్యూబ్ స్క్రిప్టులకు కూడా ఇదే లెక్క.

ఇప్పుడు నేను ప్రతి పది సీన్లకు స్కాన్ చేసి వాళ్ళకు మెయిల్ చేస్త, మెయిల్‌ల తారీఖు ఉంటది కదా. పైసలు కూడా మూడు ముక్కలుగ తీసుకుంట, మూడోది రాకుండ ఆఖరి సీన్లు ఇయ్య. ఇట్ల అన్నందుకు ఇద్దరు ముగ్గురు నన్ను పిలుసుడు బందు పెట్టిన్రు. పెట్టనీ.

పని చిన్నదా పెద్దదా అని మాత్రం చూడకు. శ్రీశ్రీ అంతటి కవి మద్రాసుల డబ్బింగ్ సినిమాలకు మాటలు రాసిండు. పాంప్లెట్ రాసినా అది నీ అక్షరమే.

లెక్కల_పుస్తకం

మేడమ్, ఒక ఆడిటర్ గారి ఆఫీసులో తొమ్మిదేళ్ళు చేశాను, ఇప్పుడు మెషీన్ల మాన్యువల్స్ రాస్తున్నాను, అందుకని డబ్బుల వైపు నుంచి చెప్తాను.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు చేసుకోండి, ఈ రోజే. ఆధార్, పాన్ ఉంటే చాలు, ప్రభుత్వ సైట్‌లో పైసా ఖర్చు లేదు, డబ్బులు అడిగే సైట్ అయితే అది బ్రోకర్ సైట్, బయటికొచ్చేయండి. మీరు ఇంట్లో కూర్చుని ఒక్కరే రాసినా సూక్ష్మ సంస్థ కిందికే వస్తారు. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం రిజిస్టరైన చిన్న సంస్థకి రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే పని తీసుకున్న 15 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. కట్టకపోతే దీనికోసం ఉన్న ప్రభుత్వ పోర్టల్‌లో కేసు వేయొచ్చు. పైగా గడువు దాటించి కట్టిన కంపెనీ ఆ ఖర్చుని పన్ను లెక్కలో కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి, ఈ రూల్ వచ్చాక మార్చి నెలలో అకౌంట్స్ వాళ్ళే ఫోన్ చేసి మీరు ఉద్యమ్‌లో ఉన్నారా అని అడగడం నేను చూశాను. కానీ ఒక్కటి, రిజిస్ట్రేషన్ పని ఇవ్వకముందే ఉండాలి, మీ జులై పనికి ఇది పనికిరాదు, క్షమించండి, ముందు నుంచి చేసే పనికే.

ఆ 38 వేలకి వేరే దారి ఉంది. చేసిన పనికి డబ్బు రాకపోతే దావా వేయడానికి మూడేళ్ళ టైమ్ ఉంటుంది, మీకింకా నాలుగు నెలలే అయింది. వాట్సాప్ మెసేజ్ కూడా సాక్ష్యమే, చాట్ డిలీట్ చేయొద్దు, ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి, ఫోన్ మార్చేటట్టయితే పాతది అమ్మేయొద్దు. ముందు ఇన్‌వాయిస్ పెట్టి మెయిల్, 15 రోజులు చూసి లాయర్ నోటీస్ స్పీడ్ పోస్టులో.

టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే కోసుకునే పన్ను గురించి కూడా తెలుసుకోండి. ఒక కంపెనీ ఏడాదిలో మీకు 50,000 దాటి ఇస్తే 10 శాతం కోసుకుని ఇస్తుంది, ఈ పరిమితి 2025 మార్చి దాకా 30,000 ఉండేది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. అది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను సైట్‌లో మీ పేరు మీద కనిపిస్తుంది, రిటర్న్ వేస్తే మీరు కట్టాల్సిన పన్ను పోను మిగిలింది వెనక్కి వస్తుంది, వేయకపోతే రాదు. సినిమాకి కథ, మాటలు రాసేవాళ్ళ వృత్తి ఆదాయపు పన్ను చట్టంలో వెసులుబాటు ఉన్న వృత్తుల జాబితాలో ఉంది, వచ్చినదాంట్లో సగమే ఆదాయంగా చూపించొచ్చు, కృష్ణానగర్ అన్న అది వాడుకోవాలి. కంటెంట్ రైటర్ అన్న మాట ఆ జాబితాలో లేదు, కాబట్టి మీరు మాత్రం ఆడిటర్‌ని అడిగాకే రిటర్న్ ఫారం ఎంచుకోండి. జీఎస్టీ 20 లక్షలు దాటితేనే, దాని గురించి ఇప్పుడు ఆలోచించక్కర్లేదు.

మెట్టుగూడ_రైటర్

అందరికీ చాలా థాంక్స్, పొద్దున్నుంచి మూడుసార్లు చదివా. ఒక విషయం చెప్పాలి, నేను అసలు ఇన్‌వాయిస్ పంపలేదు. ఫైలు పంపేటప్పుడు వాట్సాప్‌లో బ్యాంక్ అకౌంట్ నంబర్ పెట్టా, వాళ్ళు ఓకే అన్నారు, అంతే. ఇప్పుడు నాలుగు నెలల తర్వాత ఇన్‌వాయిస్ పంపితే ఏమనుకుంటారో, మళ్ళీ పని ఇవ్వరేమో అని కూడా ఉంది.

నల్లకుంట_అనువాదం

ఇప్పుడే పంపు. ఇన్‌వాయిస్ నంబర్, తేదీ, ఏ పని, ఎన్ని పదాలు, ఏ రేటు, మొత్తం, పాన్, బ్యాంక్ వివరాలు, ఎన్ని రోజుల్లో కట్టాలో, ఒక్క పేజీ చాలు. మేనేజర్‌కి ఒక్కడికే కాదు, ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో అకౌంట్స్ మెయిల్ ఉంటుంది, దానికి కూడా పెట్టు. వాట్సాప్ మెసేజ్ స్క్రీన్‌షాట్ జత చెయ్యి.

కృష్ణానగర్_డైలాగ్

పైసలు ఇయ్యనోని దగ్గర మళ్ళ పనెందుకు చెల్లె. భయపడకు, పంపు.

మెట్టుగూడ_రైటర్

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. సోమవారం మెయిల్ పెట్టా, మంగళవారం సాయంత్రం అకౌంట్స్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. నా పేరు మీద వాళ్ళ దగ్గర ఏ కాగితమూ లేదట, మేనేజర్ పంపనే లేదట. ఆవిడ మర్యాదగానే మాట్లాడారు, పాన్ కాపీ, ఒక క్యాన్సిల్డ్ చెక్ పంపితే వెండర్‌గా చేర్చి ఈ నెల 28న వేసే పేమెంట్లలో పెడతామన్నారు. చూడాలి.

ఉద్యమ్ చేసేసుకున్నా, అరగంట పట్టలేదు. యూట్యూబ్ ఛానల్ వాళ్ళకి స్క్రిప్టులు ఆ ఛానల్ వరకే, రెండేళ్ళకే అని మెయిల్ రాశా, ఒప్పుకున్నారు, ఒక్క మాట కూడా అనలేదు. ఉద్యోగం మార్చి దాకా చేస్తా, డే షిఫ్ట్ అడిగా, ఇంకా చెప్పలేదు. ఈ నాలుగు నెలలూ జీతంతోనే ఇల్లు నడిపి రాసిన డబ్బు మొత్తం పక్కన పెడదామని మా ఆయనా నేనూ అనుకున్నాం, అత్తయ్యకి కూడా ఆ కాగితం చూపించా.

చెక్ మీద సంతకం పెట్టి పంపాలా?

లెక్కల_పుస్తకం

సంతకం పెట్టొద్దు మేడమ్. అడ్డంగా రెండు గీతలు గీసి మధ్యలో క్యాన్సిల్డ్ అని రాయండి చాలు, ఫొటో తీసి మెయిల్‌లోనే పంపండి.