డివిడెండ్ ఇవ్వని కంపెనీని నమ్మొచ్చా?

వాటాదారుడు: నా దగ్గర షేర్లున్న ఒక కంపెనీ ఏటా లాభాలు చూపిస్తోంది. తొమ్మిదేళ్లయింది, లాభంలోంచి వాటాదారులకు పంచే డివిడెండ్ ఊసే లేదు. అడిగితే "వ్యాపారం పెంచుతున్నాం" అంటారు. చేతికి రాని లాభం కాగితం మీద ఎంతుంటే ఏం?

జేబులెక్క: డివిడెండ్ అంటే ఈ జేబులోంచి తీసి ఆ జేబులో పెట్టుకోవడమే. 100 ఉన్న షేరు 5 డివిడెండ్ ఇస్తే, ఎక్స్-డేట్ నాడు (ఆ రోజు నుంచి కొన్నవాళ్లకు ఆ డివిడెండ్ రాదు) 95 దగ్గర్లో మొదలవుతుంది. మధ్యలో పన్ను దండగ. పన్నులూ ఖర్చులూ లేని మార్కెట్లో డివిడెండ్ ఇచ్చినా ఇవ్వకపోయినా కంపెనీ విలువ మారదని ఆర్థికవేత్తలు మిల్లర్, మోడిగ్లియానీ 1961లోనే లెక్కగట్టి చూపించారు. డబ్బు కావాలంటే నాలుగు షేర్లు అమ్ముకోండి.

పాతదస్తరం: "అమ్ముకోండి" అన్న మాట 400 ఏళ్ల నాటిది. 1602లో పుట్టిన, మసాలా దినుసుల వ్యాపారం చేసే డచ్ ఈస్టిండియా కంపెనీ, పదేళ్లకు లెక్క తేల్చి, వద్దనుకున్నవాళ్ల డబ్బు వాళ్లకు ఇచ్చేస్తామంది. ఏడేళ్లయినా డివిడెండ్ లేదు. 1609లో ఇసాక్ లెమేర్ అనే పెద్ద వాటాదారు, ఒకప్పటి డైరెక్టరే, గొడవకు దిగాడు. (షేరు పడుతుందని అప్పటికే బేరాలు కట్టి ఉన్నాడు, మరీ ధర్మాత్ముడేం కాదు లెండి.) 1610లో మొదటి డివిడెండ్ వచ్చింది, జాపత్రి రూపంలో! పెట్టుబడిలో 75 శాతం విలువకు జాపత్రి. ఇళ్లలో బస్తాలు పెట్టుకుని అందరూ ఒకేసారి అమ్మబోతే ధర నిలుస్తుందా? ఆ తర్వాత మిరియాలు, కాస్త నగదు. 1612లో లెక్క తేల్చనే లేదు. బయటపడాలంటే ఆమ్‌స్టర్‌డామ్‌లో షేరు ఇంకొకరికి అంటగట్టడమే దారి. వాళ్లు డివిడెండ్ అడిగింది అత్యాశతో కాదు, దస్తరాలు చూపించరు కాబట్టి.

రైలుకట్ట: నగదు పంచితే నిజాయితీ ఉన్నట్టేనా? 1840ల్లో బ్రిటన్‌లో రైల్వే కంపెనీలు నడిపిన జార్జ్ హడ్సన్‌ని "రైల్వే రాజు" అనేవారు. డివిడెండ్లు బ్రహ్మాండం. 1849లో విచారణ కమిటీలు తవ్వితే, అందులో కొంత అసలు లాభం కానే కాదు, మూలధనం! మన డబ్బే మనకిచ్చి శెభాష్ అనిపించుకున్నాడు.

వాటాదారుడు: మరి ఫోర్డ్ సంగతి? 1916లో హెన్రీ ఫోర్డ్ ప్రత్యేక డివిడెండ్లు ఆపి ఫ్యాక్టరీ పెంచుతానన్నాడు. 10 శాతం వాటా ఉన్న డాడ్జ్ సోదరులు కోర్టుకెక్కారు. 1919లో మిషిగన్ సుప్రీంకోర్టు 1.9 కోట్ల డాలర్లకు పైగా పంచమంది.

జేబులెక్క: ఆ డాడ్జ్ వాళ్లు అప్పటికే సొంత కార్లు చేస్తున్నారు. పోటీదారు చేతికి పెట్టుబడి ఎవరిస్తారండీ? ఆపిల్‌ని చూడండి, 1995 తర్వాత 2012 దాకా డివిడెండ్ ఇవ్వలేదు. ఐఫోన్ ఆ మధ్యలోనే వచ్చింది.

పాతదస్తరం: ఆపిల్ మూడు నెలలకోసారి లెక్కలు బయటపెట్టేది. జాపత్రి వాళ్లకు ఆ భాగ్యం లేదు. వాటాదారుడు గారూ, మీ కంపెనీ క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్, అంటే నగదు రాకపోకల లెక్క, ఎప్పుడైనా చూశారా?

వాటాదారుడు: ఇప్పుడే తెరిచా. లాభం పెరిగింది, చేతికొచ్చిన నగదు తగ్గింది. రావలసిన బాకీలు నాలుగేళ్లలో మూడింతలయ్యాయి. ఎందుకివ్వట్లేదని ఇన్నాళ్లూ మెయిళ్లు పెట్టా. ఇవ్వడానికి అసలు ఉందా అని అడగాల్సింది.