బ్యాట్ పట్టిన వినాయకుణ్ణి పందిట్లో పెట్టొచ్చా?

గోదారిగట్టు:
మా వీధి కమిటీలో ఈ ఏడు చవితికి తగువు పడింది. కుర్రాళ్ళకేమో ప్యాడ్లు కట్టి, బ్యాట్ పట్టిన వినాయకుడు కావాలి. అలాగైతే చందా ఇవ్వమని పెద్దవాళ్ళు భీష్మించారు. నేను కుర్రాళ్ళ వైపే. ఏడాది పొడుగునా పక్కింటివాళ్ళతో మాటైనా లేని జనం కలిసేది ఆ పందిరి దగ్గరే కదా. ఆ నాలుగు రోజులూ కాస్త సరదాగా ఉంటే తప్పేంటి?

పత్రిపూజ:
తప్పే. అక్షింతలు చేత్తో పట్టుకుని ఏటా వ్రతకథ వింటాం. వినాయకుణ్ణి చూసి నవ్విన చంద్రుడికి ఏమైంది? మీరేమో వీధి వీధంతా నవ్వేలా బొమ్మ పెడతామంటున్నారు. ఒక పందిట్లో హీరో కండలతో, చేతిలో గొడ్డలితో పెట్టారు. దణ్ణం పెట్టాలో విజిలెయ్యాలో తెలియలేదు. ఆట కావాలంటే గ్రౌండుంది.

గల్లీ పిలగాడు:
పత్రిపూజ గారూ, చంద్రుడు ఎగతాళికి నవ్విండు. మా గల్లీ పోరగాళ్ళు నవ్వేది ముచ్చటతోని. రెండూ ఒకటెట్లయితయి?

గెటప్‌లు నిన్నమొన్న పుట్టినయి కావు. స్వాతంత్ర్యం వచ్చిన దినాలల్ల ముంబైల లాల్‌బాగ్ రాజా అనే గణపతిని నెహ్రూ లెక్క, గాంధీ లెక్క తయారు చేసిన్రు. అంతకన్నా ముందు, 1892ల పుణెల భావుసాహెబ్ రంగారి పెట్టిన గణపతి రాక్షసుణ్ణి చంపుతుంటడు. ఆ రాక్షసుడు తెల్లదొరలేనని చెప్పుకుంటరు. జనం మనసుల ఏముంటే అదే బొమ్మకెక్కుతది.

మన ఖైరతాబాద్‌ల 1954ల సింగరి శంకరయ్య ఒక్క అడుగు విగ్రహంతోని మొదలువెట్టిండు. ఏటేటా పెంచుకుంట 2014కు 60 అడుగులకు తెచ్చిన్రు. అట్ల పెంచుకుంట పోవుడు ఆట కాకపోతే ఏంది?

పత్రిపూజ:
జైలుకెళ్ళినవాళ్ళ పక్కన సిక్సర్ కొట్టినవాళ్ళను నిలబెట్టకండి బాబూ.

అచ్చుబొమ్మ:
మా మేనమామ విగ్రహాలు చేస్తారు. ఆయనకు భక్తి గొడవ కాదు, లెక్కల గొడవ. ప్లాస్టర్‌లో కొబ్బరిపీచు కలిపి అచ్చులో వేస్తారు కదా, గెటప్ విగ్రహానికి కొత్త అచ్చు కావాలి. మామూలు విగ్రహం మిగిలితే పట్టా కప్పి దాచి, పైయేడు రంగు కొట్టి అమ్ముకోవచ్చు. సినిమా పాతబడిపోయాక హీరో విగ్రహాన్ని ఎవరు కొంటారు? అందుకే అడ్వాన్సు చేతిలో పడందే ఆయన గెటప్ ముట్టుకోరు.

నా అభ్యంతరం ఇంకొకటి. చేతిలో బ్యాటున్నా, పాశాంకుశాలున్నా, ట్రాక్టర్లో తెచ్చి దించేసి, పైన స్పాన్సర్ల ఫ్లెక్సీ కట్టి, డీజే పెట్టేస్తే అందులో మీ వీధివాళ్ళు ఆడిందేముంది? కొన్నారు, అంతే. గాజులతోనో కొబ్బరికాయలతోనో వినాయకుణ్ణి సొంతంగా చేసుకునే వీధులున్నాయి. మా అత్తగారి వీధిలో అర్ధరాత్రి దాకా దారాలు కడుతూ కూర్చుంటారు, తొండం వంకర పోయిందని ఒకళ్ళనొకళ్ళు దెప్పుకుంటూ. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఓ పది గాజులు కట్టి పోతారు. ఆ తొండం వంకర గురించి మళ్ళీ చవితిదాకా చెప్పుకుంటారు. వాళ్ళు గెటప్ పెట్టినా నేను కాదనను.

గోదారిగట్టు:
వినడానికి బాగానే ఉందండీ. మా వీధిలో పొద్దున్నపోతే రాత్రికి ఇల్లు చేరేవాళ్ళే ఎక్కువ. రోడ్డుకు తాడు అడ్డంపెట్టి చందాలడిగే పిల్లలు తప్ప పనికి దొరికేదెవరు?

ఉల్లిపొర:
ఆ పిల్లలకే అప్పజెప్పండి. స్వామిని మాత్రం మామూలుగా, మట్టితో పెట్టుకోండి. బ్యాటూ ప్యాడ్లూ ఎలుకకు ఇవ్వండి. ఉండ్రాళ్ళతో బౌలింగు.

గల్లీ పిలగాడు:
అక్కా, అదిరింది. కానీ పోరగాళ్ళు అడిగింది బ్యాటు పట్టిన గణపతిని. ఎలుకతోని సరిపెట్టుకోమంటే ఊకుంటరా?

పత్రిపూజ:
ఎలుకకైతే నాకు అభ్యంతరం లేదు. ఉండ్రాళ్ళు విసరడానికి ఉంది.

అచ్చుబొమ్మ:
ఎలుకైతే అచ్చు అక్కర్లేదు, పిల్లలు చేసేస్తారు. కాకపోతే రెండు కాళ్ళ మీద నిలబెట్టాలంటే లోపల వెదురుబద్ద పెట్టించండి, తడిమట్టి కుంగిపోతుంది. తోకను కూడా నేలకు ఆనించమనండి.