ఫెర్రెట్‌ను ముంగిస అనవచ్చా?

ప్రశ్న: ఉత్తర ఇంగ్లండ్ గని కార్మికుల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో ఒకాయన పెరట్లో ఫెర్రెట్లను పెంచుతాడు. ‘ముంగిస’ అని రాశాను. మా సంపాదకురాలు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

జవాబు: నేను ఆవిడ పక్షమేనండి. ముంగిస అనగానే పాఠకుడు పాము కోసం వెతుకుతాడు. ఫెర్రెట్‌కు పని కుందేలుతో. పోల్‌క్యాట్ అనే అడవి జంతువును మచ్చిక చేసుకోగా వచ్చింది అది. చుట్టరికం చూసినా మన నీటికుక్కకే దగ్గర. కుందేళ్ల బొరియకున్న కన్నాలన్నిటి మీదా చిన్న సంచి వలలు పరిచి, ఒక కన్నంలోకి దీన్ని వదులుతారు. కాసేపు చడీచప్పుడూ ఉండదు. ఉన్నట్టుండి కాళ్ల కింద నేలలో దడదడ, ఆ వెంటనే కుందేలు బయటికి దూకి వలలో పడుతుంది, మూతి తాడు బిగుసుకుంటుంది. కూలివాడి ఇంట్లో ఆ పూటకు మాంసం. నేల మాత్రం చాలాసార్లు దొరదే. ఏడాదికి 40 షిల్లింగుల భూమి రాబడి లేని సామాన్యుడు ఫెర్రెట్‌ను ఉంచుకోకూడదని 1390లోనే చట్టం చేశారు. ఆ పేరు కూడా ‘దొంగ’ అనే లాటిన్ మాట నుంచి వచ్చిందే, ‘బుల్లి దొంగ’ అని. (ఎవరు దొంగ అన్నది వేరే చర్చ.)

మరొకరు: మన చెవులపిల్లి బొరియ తవ్వదు, పొదల్లో పడుకుంటుంది. దాన్ని తరమడానికి లోపలికి దూరే జంతువుతో పనేముంది? అందుకే మనకు ఆ మాటా లేదు. కలుగులో ఉండేది ఎలుక. దానికి యానాదుల కుండ ఉంది: లోపల గడ్డి రాజేసి, కుండ మూతిని కలుగుకు ఆనించి, అడుగున ఉన్న చిల్లులోంచి నోటితో ఊదుతారు. ఫెర్రెట్ చేసే పని ఇక్కడ పొగ చేస్తుంది. ఇంగ్లీషులో ఫెర్రెట్‌ను క్రియగా వాడిన చోట మాత్రం ‘కూపీ లాగడం’ అనండి, చక్కగా అతుకుతుంది.

ప్రశ్న అడిగినవారు: సరేనండి, ఫెర్రెట్ అనే ఉంచుతాను, కూపీ కూడా తీసుకున్నాను. ఇంకొక్కటి మిగిలింది. ప్యాంటు కాళ్లను చీలమండల దగ్గర కట్టేసి, లోపలికి రెండు ఫెర్రెట్లను వదులుకుని ఎంతసేపు ఓర్చుకుంటారో చూసే పందెం ఒకటుంది. 1981లో యార్క్‌షైర్‌కు చెందిన రెజ్ మెల్లర్ 5 గంటల 26 నిమిషాలు నిలబడ్డాడట. ఈ పందేనికి ఏ పేరు పెట్టమంటారు?