పవర్ హాలిడే రోజుల్లో పని ఎలా నడుపుతున్నారు? విశాఖ వాళ్లు చెప్పండి

గాజువాక లేతు
ఏప్రిల్ 9, 2022

ఆటోనగర్‌లో నాది చిన్న మెషీన్ షాపు, హెచ్‌టీ సర్వీసు, అంటే ఎక్కువ వోల్టేజీ కనెక్షన్. 8 నుంచి 22 దాకా మామూలు వారం సెలవుకు తోడు ఇంకో రోజు పవర్ హాలిడే, అంటే ఆ రోజు ఫ్యాక్టరీలు కరెంటు వాడకూడదు అన్నారు. సాయంత్రం 6 నుంచి ఉదయం 6 వరకు మెషీన్లు తిప్పకూడదు. ఆపకుండా నడవాల్సిన ఫ్యాక్టరీలైతే లోడు సగానికి తగ్గించుకోవాలట. కరోనా తర్వాత ఆర్డర్లు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. నైట్ షిఫ్టు కుర్రాళ్లను ఏం చెయ్యాలో తెలియడం లేదు. జనరేటర్ మీద నడిపేవాళ్లుంటే లెక్క చెప్పండి. ఎవరి ప్రభుత్వంలో ఎన్ని కోతలన్న గొడవ మాత్రం వద్దు బాబూ.

వెల్డింగ్ బాబాయ్

లెక్క చెప్తా, విని గుండె దిటవు చేసుకో. డీజిల్ వంద దాటింది. జనరేటర్ లీటరుకు మూడు, మహా అయితే మూడున్నర యూనిట్లు ఇస్తుంది. అదీ సరిపడా లోడు మీద ఉంటేనే. ఒక్క లేతు కోసం పెద్ద సెట్టు ఆన్ చేశావంటే అదీ రాదు. అంటే ఒక్క ఇంధనానికే యూనిట్‌కు 30 రూపాయల పైమాట. సర్వీసింగు, ఆయిలు వేరే. జాబ్ వర్కు రేట్లలో ఆ 30 ఎక్కడ ఇరికిస్తాం?

మా దగ్గర కరెంటు తినే పనులన్నీ పగటికి మార్చేశాం. కటింగ్, డ్రిల్లింగ్, వెల్డింగ్ సాయంత్రం 6 లోపు అయిపోవాలి. ఫిట్టింగు, బర్ర్ (అంచుల గరుకు) తీయడం, పెయింటు, ప్యాకింగు చీకటి పడ్డాక. వాటికి లైట్లు, ఫ్యాన్లు చాలు.

అసలు మంట డిమాండ్ చార్జీల దగ్గర, అంటే యూనిట్లతో పని లేకుండా మనం రాయించుకున్న లోడుకి (కాంట్రాక్ట్ డిమాండ్) కట్టేది. ఒక్కో కేవీఏ లోడుకి నెలకు 475 రూపాయలు. వాడినా వాడకపోయినా కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతానికి కట్టి తీరాలి. రాత్రి వాడొద్దన్నది వాళ్లే, నెలాఖరుకి బిల్లు ఇచ్చేదీ వాళ్లే. అసోసియేషన్ తరఫున అడగాల్సింది ముందు ఇదే. ఈ రోజులకు డిమాండ్ చార్జీ తగ్గించమని కాగితం పెట్టండి.

ఫర్నేస్ రాజు

మీరు నయం, మెషీన్ ఆపి మళ్లీ నొక్కితే తిరుగుతుంది. మాది హీట్ ట్రీట్‌మెంట్. కొలిమి వేడెక్కడానికే సగం పూట. ఆ తర్వాత సరుకు ఆ వేడిలో గంటలకొద్దీ నానాలి. మధ్యలో కరెంటు తీస్తే ఆ గేర్లన్నీ తుక్కే. ఉదయం 6కి మొదలెట్టినా పెద్ద సైజు సరుకు సాయంత్రం 6 లోపు దిగదు. అందుకే పెద్దవి తీసుకోవడం మానేసి పిన్నులు, బుష్షులు మాత్రమే చేస్తున్నా. పెద్ద పార్టీ ఒకటి సరుకు వేరే ఊరికి పంపేసింది. 22 తర్వాత అది వెనక్కి వస్తుందన్న నమ్మకం నాకైతే లేదు.

జాలారిపేట చిన్నా

హార్బర్ సంగతి ఎవరికీ పట్టదేటి? 15 నుంచి వేట నిషేధం, జూన్ 14 దాకా బోట్లు కదలవు. అంటే ఈ వారమే ఆఖరి వేట. సరిగ్గా ఇప్పుడే ఐసుకి కరువు. దిమ్మ గట్టిపడటానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. లోడు సగం చేస్తే దిమ్మల్ని గడ్డకట్టించే ఉప్పునీళ్లు చల్లబడవు, దిమ్మలు సగం కూడా రావు. దొరికిన ఐసు కూడా రేటు పెంచి అమ్ముతున్నారు. ఐసు తక్కువేసుకుని వెళ్తే దూరం పోలేం, దగ్గర్లో వేస్తే చేప లేదు. డీజిలు చూస్తే అలా ఉంది. మా ఓనరు ఈ ట్రిప్పు మానేద్దామంటున్నాడు.

సీతమ్మధార శారద

ఫ్యాక్టరీల వాళ్ల మధ్యలో ఇంటి గోల చెప్పొచ్చా? మా దగ్గర కోత ఎప్పుడో చెబితే బాధ లేదు. చెప్పకుండా తీస్తున్నారు. పొద్దున్న లేవగానే పిండి రుబ్బేసి, ట్యాంకుకి నీళ్లు ఎక్కించేసి, ఆ తర్వాతే కాఫీ. అయిదో అంతస్తు నుంచి మా అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే లిఫ్టు చూసుకుని అపాయింట్‌మెంట్ పెట్టుకోవాలి. ఇన్వర్టర్ కొందామంటే గ్యాస్ బండ వెయ్యికి దగ్గరపడింది, పొద్దుతిరుగుడు నూనె యుక్రెయిన్ పేరు చెప్పి మండిపోతోంది, నిమ్మకాయ సంగతి మాట్లాడకపోవడమే మేలు. ఎండాకాలంలో మజ్జిగలోకి నిమ్మకాయ పిండటానికి ఆలోచించడం ఇదే మొదటిసారి. ఇన్వర్టర్ ఎంతది తీసుకుంటే సరిపోతుంది?

బ్యాటరీ సత్తి

శారద గారూ, 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ ఒకటి చాలు. లెక్కకి 1800 వాట్ అవర్లు అంటారు గానీ చేతికొచ్చేది 1200 అనుకోండి. మామూలు ఫ్యాను 75 వాట్లు, నాలుగు తిప్పితే నాలుగు గంటలు. అదే బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 30 వాట్లు, పది గంటలు వస్తాయి. కాబట్టి పెద్ద బ్యాటరీ బదులు ముందు ఫ్యాన్లు మార్చండి. కరెంటున్న రోజు కూడా బిల్లు తగ్గుతుంది. ఫ్రిజ్, మిక్సీ, మోటారు, ఇండక్షన్ స్టవ్ దాని మీద పెట్టకండి. డిస్టిల్డ్ వాటర్ చూసుకోవడం మర్చిపోవద్దు, మన ఉక్కపోతకి త్వరగా ఇంకిపోతుంది. ఇది అమ్ముకునేవాడినే అయినా ఇంకో మాట: రోజుకి గంట పోయే కోతకి ఇన్వర్టర్ దండగ, రీచార్జబుల్ లైటూ చిన్న ఫ్యానూ సరిపోతాయి.

కంచరపాలెం కుర్రాడు

నాకు అర్థం కానిదొక్కటే. పరవాడలో సింహాద్రి బొగ్గు కరెంటు ప్లాంటు ఉంది, 2000 మెగావాట్లు. పాలవలసలో ఇంకోటి ఉంది. బొగ్గు ఓడలు మన ఊళ్లోనే దిగుతాయి. పొగ మనకి, బూడిద మనకి, కోత కూడా మనకేనా?

రిటైర్డ్ ఏఈ (కరెంటు ఇంజనీరు)

బాబూ, ప్లాంటు పక్కన ఉన్నంత మాత్రాన దాని కరెంటు మన వీధిలోకి రాదు. తయారైనదంతా గ్రిడ్‌లోకి పోతుంది, వాటాలు కాగితం మీద ఉంటాయి. సింహాద్రిలో మొదటి రెండు యూనిట్లు, అంటే 1000 మెగావాట్లు ఉమ్మడి ఆంధ్రవి, రాష్ట్రం విడిపోయాక అందులో తెలంగాణకీ వాటా ఉంది. తర్వాతి రెండింటిలో మిగతా దక్షిణాది రాష్ట్రాలకూ వాటా ఉంది. పైగా దానికి బొగ్గు ఓడలో రాదు, ప్రధానంగా ఒడిశా తాల్చేరు నుంచి రైల్లో వస్తుంది. ఇప్పుడు దేశమంతా బొగ్గు మోసే రైళ్ల వేటలో ఉంది.

కోత ఎలా పడుతుందంటే, గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలవాలి. వాడకం పెరిగి 49.90 కిందికి జారితే గ్రిడ్‌ని చూసుకునే లోడ్ డిస్పాచ్ కేంద్రం నుంచి ఫోను వస్తుంది, ఫీడర్లు (ఊళ్లకు కరెంటిచ్చే లైన్లు) తీసెయ్యమని. దాన్నే ఈఎల్‌ఆర్ (ఎమర్జెన్సీ లోడ్ రిలీఫ్) అంటాం. అప్పటికప్పుడు వచ్చే ఆదేశం కాబట్టి టైమ్ టేబుల్ ఉండదు. సబ్‌స్టేషన్‌లో ఉన్నవాడిని తిట్టి లాభం లేదు, చాలామంది తిడతారు గానీ.

2012 జూలై ఆఖర్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలాయి కదా, మనకి దీపం కూడా ఆరలేదు. అప్పటికి దక్షిణ గ్రిడ్ వేరుగా ఉండేది. తూర్పు గ్రిడ్‌తో మనల్ని కలిపే లంకెల్లో ఒకటి మన గాజువాకలోనే ఉంది, ఒడిశా జయపురం లైను మీద, డీసీగా మార్చి మళ్లీ ఏసీ చేసి పంపే స్టేషన్. అందుకే అటు పడిపోయినా ఇటు లాగలేదు. అయితే అదే కారణాన ఆ రోజుల్లో ఉత్తరాదిలో కరెంటు మిగిలినా మనకి తెచ్చుకునే దారి ఇరుకు. కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ గ్యాస్ పడిపోయి గ్యాస్ ప్లాంట్లు మూలపడ్డాయి, 2012-13లో పవర్ హాలిడేలు చూశాం. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో గ్రిడ్లు ఒకటయ్యాయి. ఇప్పుడు దారి ఉంది, సరుకు లేదు. కరెంటు అమ్మే ఎక్స్చేంజీలో యూనిట్ 20 రూపాయల దాకా పోతే ఈ నెల మొదట్లో 12 దాటొద్దని గీత గీశారు. 12 పెట్టి కొందామన్నా అడిగినంత దొరకదు. ఇక సాయంత్రం పీక్‌కి ఆదుకునేది సీలేరు నీళ్లే. ఎగువ సీలేరు మొన్న 4వ తేదీ దాకా మన జిల్లాలోదే, ఇప్పుడు అల్లూరి జిల్లా.

ఓడ ఇంజనీర్ (మర్రిపాలెం)

గురువుగారు బాగా చెప్పారు. మా ఓడ ఇప్పుడు కొలంబోలో ఉంది, అక్కడి సంగతి రాస్తా. మార్చి ఆఖర్లో రోజుకి 13 గంటల కోత పెట్టారు. తయారీ ప్లాంట్లు ఉన్నాయి, నడపడానికి నూనె కొనే డాలర్లు లేవు. నీటి ప్రాజెక్టుల్లో మట్టం పడిపోయింది. వీధి దీపాలు కూడా ఆపేశారు. కాగితం లేక పశ్చిమ రాష్ట్రంలో బడి పరీక్షలు వాయిదా వేశారంటే నమ్మండి. నిన్న, 12న, విదేశీ అప్పులు ఇప్పుడు కట్టలేమని ప్రభుత్వమే ప్రకటించింది. ఓడకి సామాన్లిచ్చే ఏజెంటు కుర్రాడు డబ్బు కాదు, పాలపొడి డబ్బా ఉంటే ఇప్పించమన్నాడు. చంటిపాప ఉందట.

వెల్డింగ్ బాబాయ్

వాళ్లతో పోల్చి మనం సంతోషపడాలా సార్? అక్కడ డాలర్లు లేవు, ఇక్కడ బొగ్గు రైళ్లు లేవు. కారణం ఏదైనా నా కుర్రాడికి జీతం మాత్రం ఒకటో తారీఖునే ఇవ్వాలి.

ఓడ ఇంజనీర్ (మర్రిపాలెం)

పోల్చలేదు బాబాయ్. అక్కడ గంటలు ముందే ప్రకటించి, ఊరిని గ్రూపులుగా చేసి పేపర్లో వేస్తున్నారు. 13 గంటలైనా జనం దానికి తగ్గట్టు వండుకుంటున్నారు, అంగడి తెరుస్తున్నారు. శారద గారు అడిగిందీ అదే కదా.

అనకాపల్లి నాయుడు

కొత్త జిల్లా అయ్యాం గానీ పాత కోతలే. టౌనులో గంట పోతే మా ఊళ్లో మూడు. ఈఎల్‌ఆర్ అంటే ముందు తీసేది పల్లె ఫీడరే, ఏఈ గారు ఆ మాట రాయలేదు. చెరకు మోటారుకి పగలు ఇవ్వాల్సిన తొమ్మిది గంటలు ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఆగి వచ్చినప్పుడల్లా మొదటి మడి నుంచి మళ్లీ తడవాలి, చివరి మడికి నీరు చేరనే చేరదు.

గాజువాక లేతు
ఏప్రిల్ 14

అందరికీ థాంక్స్. బాబాయ్ చెప్పినట్టు నైట్ షిఫ్టుని రెండుగా విడగొట్టాను. సగం మంది ఉదయం 6కే వస్తున్నారు, మిగతావాళ్లు సాయంత్రం ఫిట్టింగ్ చూస్తున్నారు. జనరేటర్ ఆలోచన మానుకున్నా. డిమాండ్ చార్జీల కాగితం అసోసియేషన్‌కి ఇచ్చాం, సంతకాలు ఇంకా కావాలి. ఆటోనగర్ వాళ్లు సోమవారం లోపు వచ్చి పెట్టండి. ఫర్నేస్ రాజు గారూ, నా దగ్గర చిన్న బుష్షులు రెండు ట్రేలు ఉన్నాయి, రేపు పంపితే ఉదయం మొదటి బ్యాచ్‌లో పడతాయా?

ఫర్నేస్ రాజు

పంపండి. అయిదున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి, ఆలస్యమైతే ఎల్లుండే.